పసిపాప ఏడుపు ఆపడం లేదు, తల్లికి మాత్రల అలవాటు ఉంది, ఎక్కడికి తీసుకెళ్లాలి?

కాశీనగర్ అక్క: ఎవరైనా త్వరగా చెప్పండి. మా చెల్లికి పాప పుట్టింది, కాన్పు బాగానే అయింది, ఇంటికి పంపేశారు. నిన్న సాయంత్రం నుంచి పాప ఒకటే ఏడుపు. మామూలు ఏడుపు కాదు, కీచుమని ఏడుస్తోంది, చేతులు వణుకుతున్నాయి, రొమ్ము పట్టుకుని వదిలేస్తోంది. రాత్రంతా ఎవరికీ నిద్ర లేదు. ఇక్కడి డాక్టరుకి ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు, చుక్కల మందు వేశాం, ఏం తగ్గలేదు. చెల్లికి మాత్రల అలవాటు ఉంది, దానివల్లేనా? పాలు మాన్పించి డబ్బా పాలు పట్టమని చెల్లి అత్తగారు అంటున్నారు. టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.

మందుల షాపు తమ్ముడు: ఏ మాత్రలు? రోజుకెన్ని? ఎప్పుడు ఆపింది? పాప పుట్టి ఎన్ని రోజులు?

రాయగడ మాస్టారు: మన సరిహద్దు జిల్లాల ఖర్మ ఇది. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల నుంచి గంజాయి దిగుతుంటే ఆపేవాడు లేడు, పిల్లలు పాడైపోతున్నారు, ఇప్పుడు ఆడవాళ్ల దాకా వచ్చింది. పంచాయతీల్లో దీని గురించి గట్టిగా మాట్లాడాలి. నేను ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాను.

మందుల షాపు తమ్ముడు: మాస్టారూ, ఆవిడ గంజాయి అనలేదు. మాత్రలు అన్నారు.

రాయగడ మాస్టారు: మత్తు మత్తే కదా తమ్ముడూ.

బరంపురం నర్సు: కాదండీ, చాలా తేడా ఉంది. నల్లమందు జాతి మందులు కడుపుతో ఉన్నప్పుడు వాడితే బిడ్డ ఒళ్లు కూడా వాటికి అలవాటు పడుతుంది. పుట్టగానే ఆ సరఫరా ఆగిపోతుంది, అందుకే ఒకటి రెండు రోజుల్లో ఈ వణుకు, ఏడుపు, తుమ్ములు, ఆవలింతలు, విరేచనాలు మొదలవుతాయి, కొన్ని మందులకైతే ఇంకా ఆలస్యంగా. గంజాయికి ఇలా ఉండదు. అక్కా, మాత్ర పేరు చెప్పండి ముందు.

కాశీనగర్ అక్క: పాపకి ఈరోజు నాలుగో రోజు. ట్రమడాల్. కాలు విరిగినప్పుడు రాసిచ్చారు, తర్వాత మానలేకపోయింది, ఎన్ని వేసుకునేదో మాకు చెప్పదు. కాన్పు రోజు అత్తగారు అన్నీ తీసి పారేశారు. అప్పటి నుంచి చెల్లికి ఒళ్లు నొప్పులు, చెమటలు, ఆవలింతలు. ఆసుపత్రిలో ఈ విషయం చెప్పలేదు, పోలీసులు వస్తారని భయం.

బరంపురం నర్సు: ఇది మొదటే చెప్పాల్సింది అక్కా! ట్రమడాల్ కూడా ఆ నల్లమందు జాతి నొప్పి మాత్రే. ఇప్పుడే బయల్దేరండి, తల్లీ బిడ్డా ఇద్దరూ. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల ప్రత్యేక విభాగం, ఎస్‌ఎన్‌సీయూ అంటారు, అక్కడికి. 102కి ఫోన్ చేయండి, ఏడాదిలోపు జబ్బు పడ్డ బిడ్డకి వైద్యం, రవాణా ఉచితం. డాక్టరుకి ట్రమడాల్ అని పేరుతో సహా చెప్పండి, దాచితే బిడ్డకే నష్టం. షుగర్ పడిపోయినా, కాల్షియం తగ్గినా, ఇన్ఫెక్షన్ అయినా ఇలాగే వణుకుతారు, అవన్నీ కూడా చూడాలి. దారిలో పాపని తల్లి ఒంటికి ఆనించి పట్టుకోండి, గోల, వెలుతురు తగలనీయకండి. తేనె, గ్రైప్ వాటర్ ఏమీ వద్దు. ఎన్ని బాధలున్నా చెల్లిని మళ్లీ సొంతంగా మాత్ర మింగనివ్వకండి, ఆమెకి మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా 108. ఆమెకి మందు ఏమివ్వాలో డాక్టర్లు చూస్తారు.

మందుల షాపు తమ్ముడు: పాలు?

బరంపురం నర్సు: బ్యుప్రెనార్ఫిన్, అంటే ఈ అలవాటుకి చికిత్సగా డాక్టర్లు ఇచ్చే మందు, దాని మీద నిలకడగా ఉన్న తల్లికైతే పాలివ్వమనే అంటారు, వద్దనే కారణం వేరే లేకపోతే. ట్రమడాల్ వాడుతూ పాలివ్వడం మంచిది కాదు. ఈమె ఆపి నాలుగు రోజులైంది, కాబట్టి అక్కడి డాక్టరే తేల్చాలి. అత్తగారు కాదు.

రాయగడ మాస్టారు: పోలీసుల మాట అటుంచండి, ఆ మాత్రలు అమ్మిన షాపువాణ్ణి ఎవరూ అడగరేం? చీటీ లేకుండా ఎలా ఇచ్చాడు?

మందుల షాపు తమ్ముడు: అడగాల్సిందే. ట్రమడాల్ హెచ్1 షెడ్యూల్‌లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంది, అమ్మినట్టు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. అందరు షాపులవాళ్లూ అలా అమ్మరు మాస్టారూ, మమ్మల్ని అందరినీ కలపకండి.

రాయగడ మాస్టారు: నిన్ను అనలేదు బాబూ.

బరంపురం నర్సు: అక్కా, భయపడకండి. స్వల్ప పరిమాణంతో పట్టుబడ్డవాళ్లయినా తమంతట తాము చికిత్సకి వస్తే ఆ మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ కేసు నుంచి రక్షణ ఇస్తుంది. తర్వాత చెల్లిని మానసిక వైద్య విభాగంలో చేర్చుకున్నా, మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అలవాటు మాన్పించే చికిత్సకి ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. బయల్దేరారా?

కాశీనగర్ అక్క: బండి వచ్చింది. థాంక్స్ అందరికీ.

గుణుపురం చిన్నది: ఏమైంది అక్కా? చేర్చుకున్నారా?

గుణుపురం చిన్నది: మా నాన్న కూడా మోకాళ్ల నొప్పికి ఇదే మాత్ర చాన్నాళ్లుగా వేసుకుంటున్నారు, ఒక్కసారిగా ఆపేయొచ్చా?

మందుల షాపు తమ్ముడు: వద్దు. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. డోసు ఎంతో రాయండి, వేరే పోస్టు పెట్టండి.