ఈకేఎస్ మేనేజ్డ్ కదా, మరి ఆన్‌కాల్ ఎందుకు?

అందరికీ నమస్తే. పోయిన నెలే మ్యూనిక్ వచ్చాను. చిన్న కంపెనీ, ప్లాట్‌ఫామ్ టీమ్‌లో నాతో కలిపి ఇద్దరమే. మా అప్లికేషన్లని చాలా సర్వర్ల మీద నడిపించే కుబెర్నెటీస్ అంతా అమెజాన్ వాళ్ల ఈకేఎస్ సర్వీస్ మీద నడుస్తోంది, మేనేజ్డ్, అంటే అమెజానే చూసుకుంటుంది కాబట్టి పెద్ద పనేమీ ఉండదని ఇంటర్వ్యూలో చెప్పారు. ఇప్పుడు చూస్తే ఆన్‌కాల్ రోస్టర్‌లో, అంటే రాత్రయినా ఏదైనా పడిపోతే లేచి చూడాల్సిన వాళ్ల లిస్టులో, నా పేరుంది. ఎందుకని మేనేజర్‌ని అడగొచ్చా? ప్రొబేషన్‌లో ఉన్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది.

--

తమ్ముడూ, అడుగు, కానీ "మేనేజ్డ్ కదా" అని మాత్రం మొదలుపెట్టకు. అమెజాన్ దాన్ని ఆ పేరుతోనే అమ్ముతుంది, అబద్ధమేమీ కాదు, కాకపోతే మామూలు ఈకేఎస్‌లో వాళ్లు మోసేది కంట్రోల్ ప్లేన్, అంటే క్లస్టర్‌కి (ఆ సర్వర్ల గుంపుకి) మెదడు లాంటి భాగం ఒక్కటే. అందులోని ఏపీఐ సర్వర్, క్లస్టర్ డేటా దాచే ఈటీసీడీ వాళ్ల అకౌంట్‌లో ఉంటాయి, నీకు కనబడను కూడా కనబడవు, పడిపోతే లేపాల్సింది వాళ్లే, దానికి గంటకు 10 సెంట్లు తీసుకుంటారు. నోడ్లు (అప్లికేషన్లు నడిచే మెషీన్లు), నెట్‌వర్క్ ప్లగిన్, బయటి ట్రాఫిక్‌ని లోపలికి పంపే ఇంగ్రెస్, సర్టిఫికెట్లు, లాగులు, బ్యాకప్ అన్నీ నీ నెత్తినే. నా లెక్కలో అది మేనేజ్డ్ కాదు, హోస్టెడ్. మేనేజ్డ్ నోడ్ గ్రూప్ అని ఇంకో పేరుంది చూడు, అందులోనూ కొత్త ఏఎంఐ (నోడ్ మీద ఎక్కించే ఓఎస్ ఇమేజ్) వస్తే అప్‌డేట్ మొదలుపెట్టాల్సింది నువ్వే. ఎవరో డెవలపర్ రెండు పాడ్లున్న (అంటే రెండు కాపీలు నడిచే) సర్వీసుకి ఎప్పుడూ కనీసం రెండూ ఉండాలని డిస్రప్షన్ బడ్జెట్ అనే రూల్ పెట్టి ఉంటాడు, నోడ్ ఖాళీ అవ్వదు, కాసేపటికి పాడ్ ఎవిక్షన్ ఫెయిల్యూర్ అని అప్‌డేట్ ఆగిపోతుంది. అమెజాన్ సపోర్ట్‌కి టికెట్ వేసినా ఆ బడ్జెట్ మీదే, మీరే మార్చుకోండి అంటారు.

నిజంగా మేనేజ్డ్ అంటే నాకు గుర్తొచ్చేది అమెజాన్ మీద రెడ్ హ్యాట్ నడిపే రోసా అనే కుబెర్నెటీస్ సర్వీస్, అందులో క్లస్టర్‌ని రాత్రీ పగలూ కాసేది రెడ్ హ్యాట్ వాళ్ల ఎస్ఆర్ఈలే (సిస్టమ్‌లు పడిపోకుండా చూసే ఇంజనీర్లు). గూగుల్ వాళ్ల కుబెర్నెటీస్ సర్వీస్ జీకేఈలో 2021లో వచ్చిన ఆటోపైలట్‌లో నోడ్లు గూగుల్ చూసుకుంటుంది. ఈకేఎస్‌లోనూ 2024 చివర్లో ఆటో మోడ్ తెచ్చారు, నోడ్‌ని 21 రోజులకు మించి ఉంచదు, తనే మార్చేస్తుంది, దానికి అదనంగా డబ్బులు. ఇద్దరే ఉన్న టీమ్‌కి ఆ డబ్బులు దండగ కాదని నా అభిప్రాయం. ఏది తీసుకున్నా మీ అప్లికేషన్ మెమరీ చాలక చస్తే మాత్రం ఫోన్ మీకే వస్తుంది, అందులో మార్పేం లేదు.

రేపు వెళ్లగానే క్లస్టర్ వెర్షన్ చూడు. ఒక్కో వెర్షన్‌కి 14 నెలలు మామూలు సపోర్ట్, అది దాటితే ఇంకో 12 నెలలు ఎక్స్‌టెండెడ్ సపోర్ట్, గంటకు 60 సెంట్లు, అంటే ఆరు రెట్లు, ఆ తర్వాత కంట్రోల్ ప్లేన్‌ని వాళ్లే పైకి లాగేస్తారు. కొత్త వెర్షన్‌లో తీసేసిన పాత ఏపీఐలు వాడే యామెల్ ఫైళ్లు (కుబెర్నెటీస్ సెట్టింగ్స్ ఫైళ్లు) ఉంటే ముందే వెతికి పెట్టుకో.

--

అన్నగారు చెప్పింది కరెక్టే, కానీ ఆటో మోడ్ అందరికీ కుదరదండి. నోడ్ ఇమేజ్ వాళ్లదే, నోడ్‌లోకి లాగిన్ అవ్వడానికి ఎస్ఎస్‌హెచ్ ఉండదు. మీ సెక్యూరిటీ వాళ్లు సొంత ఏఎంఐ వాడాల్సిందే అంటే ఆ దారి మూసుకున్నట్టే.

ఇంకోటి, ఇది జర్మనీ అండి. ఆన్‌కాల్ ఊరికే పేరు రాసేస్తే అయిపోదు, ఇక్కడ దాన్ని రూఫ్‌బెరైట్‌షాఫ్ట్ అంటారు, మీ కాంట్రాక్ట్‌లో ఆ మాట ఉందా, దానికి ఎంత ఇస్తామన్నారు చూడండి. పనికీ పనికీ మధ్య 11 గంటల విశ్రాంతి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. రాత్రి రెండింటికి లేచి మూడు దాకా పనిచేస్తే ఆ 11 గంటలు మూడు నుంచి మళ్లీ మొదలవుతాయి, కాబట్టి పొద్దున తొమ్మిది మీటింగ్‌కి మీరు వెళ్లక్కర్లేదు. ప్రొబేషన్‌లో ఉన్నా అంతే.

--

థాంక్సండీ ఇద్దరికీ. వెర్షన్ ఇప్పుడే చూశాను, ఎక్స్‌టెండెడ్ సపోర్ట్‌లోకి వెళ్లిపోయి ఉంది, బిల్లు సంగతి ఎవరూ గమనించినట్టు లేదు. రేపు మేనేజర్ దగ్గర ముందు అదే ఎత్తుతాను. కాంట్రాక్ట్ మొత్తం జర్మన్‌లో ఉంది, ఆ మాట కోసం వెతుకుతున్నా.