నాన్నగారి కాలి వేలు నల్లబడింది: తీయించాలా, ఆగాలా?

ప్రశ్న:

మా నాన్నగారికి 64 ఏళ్ళు. చాలా కాలంగా షుగరు ఉంది, చుట్ట అలవాటు కూడా ఉంది. కొత్త చెప్పు ఒరుసుకుని కుడికాలి రెండో వేలి మీద పొక్కు లేచింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రోజూ కట్టు కట్టినా అది మానకపోగా వేలి కొస నల్లబడుతూ వచ్చి, ఇప్పుడు గోరు దాకా ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది. నొప్పేమీ లేదంటున్నారు. తెనాలిలో చూపిస్తే గ్యాంగ్రీన్ (కండ చచ్చిపోవడం) అని, వేలు తీసేయాలని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం "ఒకసారి కత్తి పెడితే ఇక పైపైకి కోస్తూనే ఉంటారు" అని ఒప్పుకోవడం లేదు. మా పెదనాన్నగారికి నిజంగా అలాగే జరిగింది: ముందు వేలు, తర్వాత సగం పాదం, చివరకు మోకాలి కింద వరకు తీసేశారు. తెలిసినవారు దయచేసి దారి చెప్పగలరు.

జవాబు 1:

నేను జనరల్ సర్జన్‌ని. మీ పెద్దవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు, అలాంటి కాళ్ళు మేమూ చూస్తుంటాం. అయితే చాలాసార్లు అందుకు కారణం కత్తి కాదు, పాదానికి రక్తం అందకపోవడం. తొడలోనో పిక్కలోనో ధమని పూడుకుపోయి ఉండగా, ఆ సంగతి తేల్చకుండా వేలు మాత్రం తీసేస్తే, గాయం మానడానికి కావలసిన రక్తం అక్కడికి చేరదు. కుట్ల అంచులు మళ్ళీ నల్లబడతాయి, ఇంకాస్త పైన కోయవలసి వస్తుంది. అందుకని ఒప్పుకునే ముందైనా, వద్దనే ముందైనా మీరు డాక్టరును అడగవలసిన మొదటి మాట "పాదానికి రక్తం ఎంత అందుతోంది?" అన్నదే.

దీన్ని తేల్చడానికి ముందు పాదం మీద, లోపలి చీలమండ వెనుక నాడి పట్టి చూస్తారు. తర్వాత చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తగ్గితే ధమనులు సన్నబడ్డాయని అర్థం. షుగరు ఉన్నవారిలో ఒక చిక్కుంది: ధమని గోడలకు సున్నం పట్టి గట్టిపడడం వల్ల అంకె 1.4 దాటి కనిపించవచ్చు, దాన్ని చూసి రక్తం బాగా అందుతోందని అనుకోకూడదు. అప్పుడు కాలి వేలి దగ్గరే రక్తపోటు కొలవాలి. అది 30 మిల్లీమీటర్ల లోపు ఉంటే గాయం మానడం చాలా కష్టం. డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్), అవసరమైతే యాంజియోగ్రామ్ (మందు ఎక్కించి ధమనులను ఎక్స్‌రేలో చూడడం) చేయించి, రక్తనాళాలకు ఆపరేషన్ చేసే వాస్క్యులర్ సర్జన్‌కు చూపించండి. పూడుకున్న చోట బెలూన్‌తో వెడల్పు చేసో, పక్కనుంచి కొత్త దారి వేసే బైపాస్‌తోనో రక్తం పారించగలిగితే, ఆ తర్వాత చచ్చిన భాగం వరకు తీస్తే సరిపోయే అవకాశం బాగా పెరుగుతుంది. కొందరిలో దారి తెరవడం సాధ్యపడదు. అలాంటప్పుడు విడతలు విడతలుగా కోయించుకోవడం కంటే, గాయం మానే ఎత్తులో ఒకేసారి తీయించుకుని కృత్రిమ పాదంతో నడవడమే మేలని నా అభిప్రాయం.

జవాబు 2:

నేను పాదాల పుండ్లకు కట్లు కట్టే విభాగంలో నర్సును. పైన డాక్టరు గారు చెప్పిన పరీక్షలకు సమయం ఉందా లేదా అన్నది ఆ వేలిని చూస్తేనే తెలుస్తుంది. నల్లని భాగం పొడిగా, వాసన లేకుండా ఉండి, మంచి చర్మానికీ దానికీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తే అది పొడి గ్యాంగ్రీన్. వెంటనే చూపించాలి గాని, పరీక్షలు చేయించేంత వ్యవధి సాధారణంగా ఉంటుంది. హద్దు చెరిగిపోయి, చుట్టూ ఎర్రగా వాచి, నీరో చీమో కారుతూ, కట్టు విప్పగానే కుళ్ళు వాసన కొట్టినా, చలిజ్వరం వచ్చినా, అదే మందులతో అదే తిండితో షుగరు ఒక్కసారిగా పెరిగినా అది తడి గ్యాంగ్రీన్ కావచ్చు. పుండు చుట్టూ నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడితే మరీ ప్రమాదం. అప్పుడు తెల్లవారేదాకా కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ముందు చీము, చచ్చిన కండ తీసి ప్రాణం కాపాడతారు, రక్తనాళాల సంగతి ఆ తర్వాతే చూస్తారు. పొడిగా ఉన్న వేలు ఇలా తడిగా మారడానికి ఎంతో సేపు పట్టదు కాబట్టి రోజూ రెండు పూటలా చూడండి.

నొప్పి లేదన్న మాటతో ధైర్యపడకండి. షుగరు వల్ల నరాలు మొద్దుబారినవారికి మేకు దిగినా తెలియదు. ఆ వేలిని వేడినీళ్ళలో నానబెట్టడం, ఆకు పసరు పూయడం, నల్లని పెచ్చును బ్లేడుతో గీకడం ఏదీ చేయవద్దు. వేళ్ళ మధ్య పొడి గాజుగుడ్డ పెట్టి వదులుగా కట్టండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాసన గాని, జ్వరం గాని లేవు. హద్దు స్పష్టంగానే ఉంది. డాప్లర్ కోసం రేపు గుంటూరు తీసుకువెళుతున్నాం. ఎడమ కాలి విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు 3:

మా అమ్మగారి కాలిని కొన్నేళ్ళుగా చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను. అన్నిటికంటే ముందు చుట్ట పూర్తిగా మానిపించండి. బెలూన్ వేయించుకున్నా పొగ మానకపోతే ధమని మళ్ళీ పూడుకునే అవకాశం ఎక్కువ. రాత్రి పడుకునే ముందు అరికాలిని, వేళ్ళ సందులను వెలుతురులో మీరే చూడండి, ఎందుకంటే ఆ వయసులో వారికి వంగడమూ కష్టమే, చూపూ ఆనదు. ఆనెకాయలకు మందుపట్టీలు అంటించవద్దు, వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, మెత్తని ఎంసీఆర్ (సన్నని గాలి గదులున్న రబ్బరు) అట్టవి తీసుకోండి. స్పర్శ లేని కాలి నుంచి హవాయి చెప్పు జారిపోయినా వారికి తెలియదు. ఎండాకాలం గుడి ప్రాంగణంలో రాతి బండల మీద ఉత్త కాళ్ళతో నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కినవారు ఎందరో ఉన్నారు, కాబట్టి దర్శనానికి పొద్దుటి పూట, మందపాటి మేజోళ్ళతో తీసుకువెళ్ళండి.

రేపు డాప్లర్ చేసేటప్పుడు ఎడమ కాలికి కూడా చేయమని అడగండి. ఒక కాలి ధమని పూడుకున్నవారికి రెండో కాలిలోనూ ఎంతో కొంత ఉండడం మామూలే. ఎప్పుడైనా ఆ కాలు ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయి, చల్లబడి, కదలిక తగ్గితే రక్తం గడ్డ అడ్డుపడిందేమోనని అనుమానించి, గంటల్లోనే వాస్క్యులర్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆరు గంటలు దాటే కొద్దీ కాలు దక్కే అవకాశం తగ్గిపోతుంది.