రాజీ అయిన కేసు, కొట్టేసిన కేసు: రికార్డులో పేరు ఇంకా ఎందుకు ఉండాలి?

మునుగోడు వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

మా తమ్ముడి సంగతి చెప్పి అడుగుతున్నాను. 2017లో పీర్ల పండుగ రాత్రి మా ఊళ్లో ఊరేగింపు దారి గురించి రెండు వాడల కుర్రాళ్ల మధ్య తోపులాట జరిగింది. ఒకతనికి పెదవి చిట్లింది. తెల్లారి ఇచ్చిన ఫిర్యాదులో ఎనిమిది మంది పేర్లు రాశారు. అందులో మా తమ్ముడు ఒకడు, మా చిన్నాన్న కొడుకు ఒకడు. తమ్ముడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు, చిన్నాన్న కొడుక్కి పదిహేడు నిండి నాలుగు నెలలు. ఐపీసీ 323, 341, 506 సెక్షన్లు (కొట్టడం, అడ్డగించడం, బెదిరించడం) పెట్టారు. మరుసటి ఏడాది లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఫిర్యాదు ఇచ్చిన అతని పెళ్లికి మా తమ్ముడే పందిరి గుంజలు పాతాడు. ఊరికి సంబంధించినంతవరకు గొడవ అక్కడితో సమసిపోయింది.

ఆరేళ్ల తర్వాత తమ్ముడు ఒక యూనిఫాం ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ధ్రువీకరణ పత్రంలో "మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా" అన్న చోట "లేదు" అని రాశాడు. లోక్ అదాలత్‌లో "మీ కేసు అయిపోయింది, ఇళ్లకు వెళ్లండి" అని చెప్పిన మాటను అలాగే నమ్మాడు. విచారణలో పాత ఎఫ్ఐఆర్ నంబరు బయటపడింది. ఎంపిక ఆగిపోయింది. రెండేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువు కట్ట మీద పరుగెత్తినవాడు ఇప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు.

చిన్నాన్న కొడుకు విషయం బాల న్యాయ మండలికి వెళ్లింది. మందలించి పంపారు. వాడు ఉద్యోగంలో ఉన్నాడు. వాడికి మేలు జరిగినందుకు నాకు సంతోషమే. కానీ అదే రాత్రి, అదే గొడవ, ఒకే ఎఫ్ఐఆర్. సుమారు రెండేళ్ల వయసు తేడా ఒకడికి జీవితమంతా మచ్చ ఎందుకు కావాలి? రాజీ అయిన కేసులన్నీ, నిర్దోషిగా తేలినవీ కొన్నేళ్ల తర్వాత రికార్డు నుంచి పూర్తిగా చెరిపేసే చట్టం మనకు ఉండాలా, వద్దా? మీ అభిప్రాయం చెప్పండి.

నల్లగొండ న్యాయవాది

మునుగోడు వాసి గారూ, మీ తమ్ముడు విన్న మాట సగం నిజం. రాజీ అయిన కేసు చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 320 సెక్షన్ అదే చెప్పింది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 359 సెక్షన్ కూడా అదే చెబుతోంది. లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) మీద అప్పీలు కూడా ఉండదు. అయితే నిర్దోషి కావడం వేరు, కేసు అసలు నమోదే కాలేదనడం వేరు. పత్రంలో అడిగింది రెండోది. అక్కడ "అవును, రాజీ అయింది" అని రాసి అవార్డు నకలు జతచేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. నా దగ్గరకు ఏటా ఇలాంటి పిల్లలు వస్తారు. అందరూ ఒకే గడి దగ్గర జారిపడ్డవారే.

పెద్దవారి రికార్డును చెరిపేసే చట్టం మన దేశంలో లేదు. మైనర్లకు ఉంది. 2015 బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం వారికి ఏ అనర్హతా అంటదు, అప్పీలు గడువు ముగిశాక రికార్డును నాశనం చేయాలి. పదహారు దాటి ఘోర నేరానికి పెద్దవారిలాగే విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. పెద్దవారి విషయానికి వస్తే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. దాని కింద విడుదలైతే శిక్ష వల్ల వచ్చే అనర్హత తొలగుతుంది, కానీ కాగితం అలాగే ఉంటుంది. హైకోర్టులో ఎఫ్ఐఆర్‌ను కొట్టేయించుకున్నా స్టేషన్ రికార్డులో ఆ నంబరు పక్కన ఫలితం రాస్తారు తప్ప నంబరును తీసేయరు. పైగా ఈ-కోర్టుల వెబ్‌సైటులో పేరు కొడితే ఎవరికైనా కేసు కనిపిస్తుంది. మా కాలంలో నకలు కావాలంటే కోర్టు చుట్టూ వారం తిరగాల్సి వచ్చేది.

మీ తమ్ముడికి దారి మూసుకుపోలేదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి వాటికే మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా, ఆ తప్పును నియామక అధికారి తన విచక్షణతో పక్కన పెట్టవచ్చని చెప్పింది. అవార్డు ధ్రువీకృత నకలుతో వెంటనే వినతిపత్రం ఇవ్వండి. కాదంటే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

జడ్చర్ల ఉపాధ్యాయురాలు

తమ్ముడూ, మీ ఇంటి బాధ చదివి మనసు కలుక్కుమంది. అయినా "రాజీ అయిన కేసులన్నీ చెరిపేయాలి" అంటే నేను ఒప్పుకోను.

రాజీ అనే మాటను మీరు పెళ్లి పందిరి దగ్గర చూశారు. నేను మా అక్క పెట్టిన కేసులో చూశాను. అక్కను అత్తింట్లో మూడేళ్లు కొట్టారు. భర్త, అత్తింటివారి వేధింపులకు పెట్టే ఐపీసీ 498ఏ కింద కేసు పెట్టింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో మన దగ్గర ఆ కేసు కూడా కోర్టు అనుమతితో రాజీకి వీలైంది. మా ఇంటికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. "ఆడపిల్ల బతుకు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి" అన్నారు. ఆ ఇద్దరు చెల్లెళ్లలో నేనొకదాన్ని. అక్క సంతకం పెట్టింది. దాన్ని ఆమె ఇష్టపూర్వకమైన రాజీ అని ఏ కాగితం చెప్పినా నేను నమ్మను. అక్క భర్త తర్వాత మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి తండ్రికి ఎవరో చెప్పి ఉంటే, కోర్టు వెబ్‌సైటులో పేరు కొట్టి చూసి ఉంటే, ఆ పెళ్లి జరిగేదా? మీరు చెరిపేయమంటున్న ఆ ఒక్క వరుసే ఆ అమ్మాయికి మిగిలిన రక్షణ.

బలహీనుల మీద జరిగిన నేరాల్లో రాజీలు ఎలా జరుగుతాయో ఊళ్లలో ఉన్న మనందరికీ తెలుసు. డబ్బున్నవారు సాక్షులను తిప్పుకుంటారు, కేసు కొట్టేస్తారు. ఆ తర్వాత రికార్డు కూడా పోతే జరిగిన అన్యాయానికి గుర్తు కూడా మిగలదు.

గద్వాల నుంచి

నాది మరో రకం. 2011లో సకల జనుల సమ్మె నాటి రైల్ రోకోలో పట్టాల మీద కూర్చున్నాను. రైల్వే చట్టం 174 కింద కేసు. రాష్ట్రం వచ్చాక ఉద్యమ కేసులు ఎత్తేస్తున్నారని సంబరపడ్డాం. అయితే కేంద్ర చట్టం కింద పెట్టిన కేసు ఎత్తేయాలంటే కేంద్రం అనుమతి కావాలి, రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే ఏమీ చేయలేదు. వాయిదాలకు తిరగలేక నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చాను. ఆ రోజు కూలి పోకుండా సాయంత్రానికి ఇల్లు చేరడమే నాకు ముఖ్యమనిపించింది. ఒప్పుకుంటే అది నేర నిర్ధారణ అవుతుందని, కొట్టేసిన కేసుకంటే బరువైనదని నాకు ఎవరూ చెప్పలేదు. పోరాడి ఉంటే నిర్దోషిని అయ్యేవాడినేమో. జరిమానా రసీదు ఇప్పటికీ ఇనుప పెట్టెలో ఉంది.

ఉపాధ్యాయురాలు గారు చెప్పింది నిజమే. కానీ పట్టాల మీద కూర్చున్నవాడిని, భార్యను కొట్టినవాడిని ఒకే గాటన కట్టకండి.

సూర్యాపేట సమాచార హక్కు కార్యకర్త

ఇలాంటి చట్టం వస్తే మొదట వాడుకునేది ఎవరో ఆలోచించండి. 2002లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే ఎన్నికల్లో పోటీ చేసేవారు తమ మీద ఉన్న కేసులను అఫిడవిట్‌లో చెప్పాల్సి వచ్చింది. ఓటరు తెలుసుకునే హక్కు అక్కడ మొదలైంది. అధికారంలోకి రాగానే తమవారి కేసులు ఉపసంహరించుకోవడం అన్ని పార్టీల హయాంలోనూ చూశాం. ఇక రికార్డులు చెరిపే దారి కూడా తెరిస్తే పాత చరిత్ర తవ్వడానికి మా చేతిలో ఏమీ ఉండదు. పదవికి పోటీపడే వ్యక్తికి ఈ వెసులుబాటు ఎప్పటికీ ఉండకూడదు.

దేవరకొండ తండా బిడ్డ

మీరంతా కోర్టు దాకా వెళ్లిన కేసుల గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర కోర్టు ముఖం చూడనివారికి కూడా రికార్డు ఉంది. మా నాయనమ్మను సారా విషయంలో తహసీల్దారు ముందు బైండోవర్ చేశారు. ఇకపై ఆ పని చేయనని పూచీకత్తు రాయించుకోవడమే అది, శిక్ష కాదు. ఆమె తర్వాత ఎన్నడూ ఆ పని చేయలేదు. అయినా తండాలో ఏ సారా బట్టీ దొరికినా ముందు మా గుమ్మం ముందే బండి ఆగేది. ఆమె చనిపోయే వరకు.

రౌడీషీటు కూడా అంతే. దాన్ని తెరవడానికి కోర్టు తీర్పు అవసరం లేదు. పోలీసు మాన్యువల్ ప్రకారం దాన్ని ఏడాది చివరికి సమీక్షించాలి, కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు కావాలి. ఆ సమీక్ష నిజంగా జరగాలని అడిగే స్తోమత మావాళ్లలో ఎంతమందికి ఉంది? చెరిపే చట్టం వస్తే ముందు తీర్పు లేకుండా పడిన ఈ మచ్చలను చెరపాలి. కోర్టు చేయి తగలని కాగితాన్ని దాచి ఉంచడానికి ఏ కారణమూ లేదు.

మునుగోడు వాసి

అక్కా, మీ మాట చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నేను "రాజీ అయిన కేసులన్నీ" అని రాసినప్పుడు నా కళ్ల ముందు మా తమ్ముడు తప్ప ఇంకెవరూ లేరు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంట్లో హింస, స్త్రీల మీద, పిల్లల మీద నేరాలు ఇందులోకి రాకూడదు. పదవులకు పోటీ చేసేవారు కూడా.

మిగిలిన చోట నా పట్టు వదలను. పోలీసుల దగ్గర, కోర్టు దగ్గర రికార్డు ఉండనివ్వండి. మళ్లీ నేరం చేస్తే తీసి చూసుకోవచ్చు. కానీ ఐదేళ్లు మరో కేసు లేకుండా గడిపినవాడు, చిన్న సెక్షన్ల కింద రాజీ అయినవాడు, ఉద్యోగ పత్రంలో "లేదు" అని రాస్తే అది అబద్ధం కాదని చట్టమే చెప్పాలి. వెబ్‌సైటులో పేరు కొడితే ఆ కేసు రాకూడదు. గద్వాల అన్న కట్టిన జరిమానా లాంటివి కూడా ఇందులో చేరాలి.

జడ్చర్ల ఉపాధ్యాయురాలు

ఇలా అయితే సగం ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా చేర్చండి. ఎవరి పేరు తొలగించే ముందైనా ఫిర్యాదు చేసిన మనిషిని కోర్టు పిలిచి, పెద్దమనుషులు ఎవరూ పక్కన లేకుండా, ఒంటరిగా అడగాలి. మా అక్కను ఆ రోజు అలా అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలుసు.

మునుగోడు వాసి

చేర్చాల్సిందే అక్కా. మా కేసులో ఫిర్యాదుదారుడిని ఈ రోజు అడిగాను. తమ్ముడి కోసం వచ్చి చెబుతానన్నాడు, లిఖితపూర్వకంగా కూడా ఇస్తానన్నాడు. న్యాయవాది గారూ, అవార్డు నకలు కోసం సోమవారం నల్లగొండ వస్తున్నాం. అతను కూడా మా బండి మీదే వస్తున్నాడు. అతని వాంగ్మూలం వినతిపత్రానికి జతచేయవచ్చా?

నల్లగొండ న్యాయవాది

తప్పకుండా జతచేయవచ్చు. నోటరీ చేయించిన అఫిడవిట్‌గా ఇద్దాం. కేసు నంబరు, లోక్ అదాలత్ తేదీ, ఎంపిక నిలిపివేసిన ఉత్తర్వు నకలు తెచ్చుకోండి. ఉదయం పదిన్నరకల్లా కోర్టు గేటు దగ్గర ఉండండి. నకలు దరఖాస్తు ముందు వేయాలి.