మోస్ట్ వాంటెడ్ పాత డిస్క్, విండోస్ 11: ఎవరైనా నడిపించారా?

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
అన్నలూ, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కార్ల రేసు గేమ్ గురించి. 2005లో వచ్చినది. 2012లో అదే పేరుతో ఇంకోటి వచ్చింది, అది కాదు, జర కలపకండి. మా బావ 2007లో కొనిచ్చిన ఒరిజినల్ డిస్క్ మొన్న అటక దులుపుతుంటే దొరికింది. కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్క్ డ్రైవే లేదు, యూఎస్‌బీది ఒకటి తెప్పించా. ఇన్‌స్టాల్ సక్కగా అయింది. ఐకాన్ నొక్కితే మాత్రం మౌస్ దగ్గర గుండ్రం ఒక్కసారి తిరిగి ఊరుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు.
ఇంకో రెండు డౌట్లు. పాత హార్డ్ డిస్కులో నా సేవ్ ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో, అంటే గేమ్‌లో ఒక్కొక్కరినీ ఓడించాల్సిన 15 మంది రేసర్ల జాబితాలో, 4వ నంబర్ దాకా వచ్చా, ఆ సేవ్ పనికొస్తుందా? 450 రూపాయల యూఎస్‌బీ జాయ్‌స్టిక్ పెడితే కారు దానంతటదే ఎడమకు లాగుతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా?
సెలవుల్లో మా వాడికి చూపిద్దామని ఆశ.

పాలమూరు_నైట్రో
ఒరిజినలా? నల్లగొండలోనా? 2007లోనా? అన్నా, పొద్దున్నే నవ్వించావు.

సీపీయూ_డాక్టర్ (దేవరకొండ)
22 ఏళ్లుగా సిస్టమ్స్ బాగుచేస్తున్నా, ఇలాంటివి రోజుకు నాలుగు చూస్తా. ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 పెట్టు. కింద అడ్మినిస్ట్రేటర్‌కి టిక్ కొట్టు. నడుస్తుంది. చర్చ అయిపోయింది, దుకాణం కట్టేయండి.

సూర్యాపేట_65
నాకు ఐకాన్ నొక్కగానే డీ3డీఎక్స్9 డీఎల్ఎల్ అనే ఫైలు లేదని వచ్చేది. గేముల బొమ్మలకు విండోస్ వాడే డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా, మళ్లీ 9 ఎందుకని మూడు రోజులు మొండికేశా. పాత గేములకు ఆ ఫైళ్లు వేరే కావాలట. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో ఇచ్చిన పాత ప్యాకేజీ ఎక్కిస్తే సరిపోయింది. ఆ డీఎల్ఎల్ ఒక్కదాన్నే ఏదో సైటులోంచి దించుకున్నందుకు బ్రౌజర్ నిండా లాటరీ ప్రకటనలు పడ్డాయి, అది వేరే కథ.

మిర్యాల_మిల్లర్
అసలు గేమ్ అంటే బైకుల రేసు రోడ్ రాష్. గొలుసుతో కొట్టుడు, కాలితో తన్నుడు. ఈ కార్లు ఏముంది, పోలీసులు వెంటపడతారు, అంతే కదా.

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
డాక్టర్ అన్నా, మీరు చెప్పినవన్నీ పెట్టా. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, విస్టా, 7, ఏదీ వదల్లేదు. అదే గుండ్రం.
నైట్రో అన్నా, ఒరిజినలే. డబ్బా ఉంది, లోపల పుస్తకం ఉంది, పుస్తకం వెనక కోడ్ ఉంది.

పాలమూరు_నైట్రో
కోఠి ఫుట్‌పాత్ మీద రంగు జిరాక్స్ కవరుతో అమ్మేవాళ్లు, దానికీ వెనక కోడ్ ఉండేది. మా అందరి దగ్గరా అదే ఉండేది. మీ బావ నీకు చెప్పలేదేమో.

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
మా బావను లాగకు.

జడ్చర్ల_44
జర ఆగండి. గేమ్ నడవకపోవడానికి కారణమే డిస్క్ ఒరిజినల్ కావడం.
ఆ కాలం డిస్కులకు సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది, మ్యాక్రోవిజన్ కంపెనీది. మామూలుగా చదవరాని సెక్టార్లు కొన్ని కావాలనే డిస్క్ మీద పెట్టేవాళ్లు. ఇంట్లో రైట్ చేస్తే అవి సరిగా దిగవు. గేమ్ మొదలయ్యే ముందు సెక్‌డీఆర్‌వీ.సిస్ అనే డ్రైవర్ డిస్కును తడిమి చూసి, అసలుదో నకలుదో చెప్పాలి. ఆ డ్రైవర్ విండోస్‌తోనే వచ్చేది, సిస్టమ్ గర్భగుడిలో కూర్చునేది. 2007లోనే దాంట్లో భద్రతా లొసుగు బయటపడి ప్యాచ్ ఇచ్చారు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మొత్తానికే తీసేశారు. అదే సెప్టెంబర్‌లో అప్‌డేట్ ఇచ్చి 7, 8లలో కూడా ఆపేశారు. తాళం అడిగే మనిషే ఇంట్లో లేడు. కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ అని రాసినంత మాత్రాన లేని డ్రైవర్ ఎక్కడినుంచి వస్తుంది?
కోఠి డిస్కుల్లో తాళం ముందే విరగ్గొట్టి ఉండేది. అందుకే అవి ఈనాటికీ పరుగెత్తుతాయి.

సీపీయూ_డాక్టర్ (దేవరకొండ)
విండోస్ 7లో సర్వీస్‌ని మళ్లీ లేపొచ్చు, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క లైను. నేను ఎన్నో సిస్టమ్స్‌లో చేశా. నాకు పాఠాలు చెప్పకు తమ్ముడూ.

జడ్చర్ల_44
7లో లేపొచ్చు, కాదనలేదు. అతను అడిగింది 11. ప్రశ్న చదివి జవాబు చెప్పాలి కదా.

సీపీయూ_డాక్టర్ (దేవరకొండ)
నీ వయసెంత? డాస్‌లో ఆటోఎగ్జెక్ రాసిన చేతులివి. అప్పటికి నువ్వు ఒకటో తరగతిలో పలక నాకుతున్నావు.

వనపర్తి_అక్క
ఇద్దరూ చల్లబడండి, అసలే ఎండలు. నాకు అర్థమైంది ఇది: పైసలు పెట్టి కొన్న ఆయనకు గేమ్ లేదు, ఇరవై రూపాయల సీడీ తెచ్చుకున్న మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ ఆడుతున్నాడు. మంచి న్యాయం.

పాలమూరు_నైట్రో
అంటే రేసర్ అన్న నిజంగానే ఒరిజినల్ కొన్నాడు. గేమ్ నడవట్లేదు కాబట్టి రుజువైపోయింది. సారీ అన్నా. బావకు కూడా సారీ చెప్పు.

మిర్యాల_మిల్లర్
నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర, మెట్లెక్కి పైకి వెళ్తే ఒక నెట్ సెంటర్ ఉండేది, ఎవరికైనా గుర్తుందా? గంటకు 20 రూపాయలు. ఎన్‌జీ కాలేజీ పిల్లలమంతా అక్కడే. మూడో సిస్టమ్‌లో మాత్రమే రోడ్ రాష్ ఉండేది, దాని కీబోర్డులో పైకి బాణం బటన్ లేదు. కింద రబ్బరు బొడిపె ఉంటుంది కదా, దాన్నే వేలితో నొక్కిపెట్టి బండి నడిపేవాళ్లం. గంటయ్యేసరికి వేలి మీద గుండ్రంగా అచ్చు పడేది. ఇంట్లో ఆ అచ్చు చూసి పట్టేశారు.

సూర్యాపేట_65
గంటకు 20 ఎక్కడ? 15 ఉండేది. 20 అన్నది ఏసీ ఉన్నచోట.

మిర్యాల_మిల్లర్
20. నేను కట్టా.

సూర్యాపేట_65
నిన్ను మోసం చేశాడు.

గద్వాల_గేర్
రోడ్ రాష్ అన్నారు కాబట్టి, డాస్‌బాక్స్‌లో పెట్టండి, పక్కాగా నడుస్తుంది.

జడ్చర్ల_44
నడవదు. పీసీకి వచ్చిన రోడ్ రాష్ విండోస్ 95 గేమ్. డాస్‌బాక్స్ విండోస్‌కు ముందటి డాస్ గేములకు. మొట్టమొదటి నీడ్ ఫర్ స్పీడ్ 1995లో డాస్‌కి వచ్చింది, దానికైతే డాస్‌బాక్స్ బంగారం. కారు మరీ పరుగెడితే కంట్రోల్ ఎఫ్11తో నెమ్మది చేసుకోవచ్చు, ఎఫ్12తో పెంచుకోవచ్చు.

గద్వాల_గేర్
నేను నడిపించాను అంటున్నా కదా.

జడ్చర్ల_44
దేన్ని?

గద్వాల_గేర్
బైకులది. పేరు సరిగా గుర్తులేదు.

నిర్వాహకుడు
డిస్క్ మీదే అయినా క్రాక్ (తాళం విరగ్గొట్టిన ఫైళ్ల) లింకులు ఇక్కడ పెట్టొద్దు. ఇద్దరి పోస్టులు తీసేశా. డాక్టర్ గారూ, వయసుల లెక్కలు వద్దు.

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
క్రాక్ నాకు వద్దే వద్దు. కొన్న డిస్కే నడవాలి. ఇప్పుడు ఇది పంతం.

జడ్చర్ల_44
అయితే సేఫ్‌డిస్క్ షిమ్ అని ఒక చిన్న టూల్ ఉంది, ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైటులో ఉచితం. ఆ పాత డ్రైవర్‌ని తిరిగి ఎక్కించదు, దాని బదులు తానే జవాబిస్తుంది. తాళం విరగ్గొట్టదు కాబట్టి ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉండి తీరాలి. నీలాంటి పంతం వాళ్లకోసమే చేసినట్టుంది. పాత సెక్‌డీఆర్‌వీ ఫైలు ఎక్కడో దొరికిందని మాత్రం తెచ్చి పెట్టకు.

వనపర్తి_అక్క
తెర సాగిపోతుంది, అది కూడా చూసుకోండి. గేమ్‌లో వైడ్ స్క్రీన్ ఆప్షనే లేదు, కార్లన్నీ రోడ్ రోలర్ కింద పడ్డట్టు కనిపిస్తాయి. తర్టీన్ ఏజీ అనే అభిమాని చేసిన వైడ్‌స్క్రీన్ ఫిక్స్ ఉంది, గేమ్‌కి 1.3 ప్యాచ్ (అప్‌డేట్) వేశాక దాన్ని పెట్టాలి. డీఇన్‌పుట్8.డీఎల్ఎల్ ఒకటి, స్క్రిప్ట్స్ ఫోల్డర్ ఒకటి, గేమ్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు. మా తమ్ముడి యాంటీవైరస్ దాన్ని వైరస్ అని రెండుసార్లు మింగేసింది.

పాలమూరు_నైట్రో
గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అని ఉంటుంది. అక్కడ గేమ్‌ని నడిపే ఫైలు స్పీడ్.ఎక్స్‌ఈ ని కలిపి హై పెర్‌ఫార్మెన్స్ పెట్టు. 256 ఎంబీ ర్యామ్ చాలన్న గేమ్ ఇది, ఏ కార్డు మీదైనా పరుగెత్తుతుందిలే, కానీ లక్షల ల్యాప్‌టాప్ కొని ఉత్త ప్రాసెసర్ మీద ఆడితే మనసుకు బాగుండదు.

సీపీయూ_డాక్టర్ (దేవరకొండ)
సేవ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేనే చెబుతా. పాత డిస్కులో మై డాక్యుమెంట్స్, అందులో ఎన్‌ఎఫ్‌ఎస్ మోస్ట్ వాంటెడ్, దాని లోపల నీ పేరుతో ఫోల్డర్. ఫోల్డర్ మొత్తాన్ని పేరు మార్చకుండా కొత్తదాంట్లో డాక్యుమెంట్స్‌లో పెట్టు. ఇక్కడొక తిరకాసు ఉంది. కొత్త విండోస్‌లో డాక్యుమెంట్స్‌ని వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) తన కిందికి లాగేసుకుంటుంది. నువ్వు ఒక చోట పెడతావు, గేమ్ ఇంకో చోట వెతుకుతుంది. ముందు కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించి, ఆ ఫోల్డర్ ఎక్కడ పుట్టిందో చూసి, పక్కనే పెట్టు. సేవ్ చేయలేనని మొరాయిస్తే, విండోస్ సెక్యూరిటీలో ఫోల్డర్ కాపలా ఒకటుంటుంది, అందులో గేమ్‌ని అనుమతించు.
22 ఏళ్ల అనుభవం ఊరికే రాదు.

జడ్చర్ల_44
ఇది మాత్రం కరెక్ట్. వన్‌డ్రైవ్ సంగతి నాకు తట్టలేదు.

సీపీయూ_డాక్టర్ (దేవరకొండ)
సరేలే.

సూర్యాపేట_65
సేవ్ అంటే నాకు ఏడుపొస్తుంది. బ్లాక్‌లిస్ట్‌లో ఒకటో నంబర్ రేజర్ ఒక్కడే మిగిలాడు. మొదట్లో మన బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌ను మోసం చేసి గుంజుకున్నవాడు, దానికోసమే 14 మందిని ఓడించుకుంటూ వచ్చా. సేవ్ అవుతున్న గీత సగం దాకా వచ్చింది, కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ప్రొఫైల్ పాడైందని రాసుంది. ఎండాకాలం కోతలు. యూపీఎస్ ఉండె, బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ గేమ్ ముట్టలేదు.

మిర్యాల_మిల్లర్
15 రూపాయల నెట్ సెంటర్‌లో ఆడుకోవలసింది, వాళ్లకు జనరేటర్ ఉండేది.

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
నడిచింది!!
నిన్న రాత్రి పదకొండింటికి. షిమ్ పెట్టి, డిస్క్ వేసి నొక్కా. గుండ్రం తిరిగింది, ఆగింది. అయిపోయిందనుకున్నా. అంతలో యూఎస్‌బీ డ్రైవ్ మంచం మీద జర్రున మోగుతూ వణకడం మొదలుపెట్టింది, అర నిమిషానికి గేమ్ కంపెనీ ఈఏ బొమ్మ వచ్చింది. 44 అన్నా, నీకు దండం. డాక్టర్ అన్నా, సేవ్ కూడా వన్‌డ్రైవ్ కిందే దొరికింది. తలుపు మీద 24 నంబరుతో నా కారు అలాగే ఉంది. అప్పట్లో నల్లగొండ బండ్ల నంబరు ఏపీ 24, ఆ గుర్తుగా వేసుకున్నా.
వైడ్‌స్క్రీన్ ఫిక్స్ మాత్రం నా ఎక్స్‌ఈ ని గుర్తుపట్టలేదు. తాళం ఉన్న ఒరిజినల్‌కి పనిచేయదట. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆస్పెక్ట్ రేషియో పెట్టుకుని, అటూ ఇటూ నల్ల పట్టీలతో ఆడుతున్నా.

వనపర్తి_అక్క
మళ్లీ కొన్నవాడికే దెబ్బ! మా తమ్ముడికి నిండు తెర వస్తోంది, చెప్పకూడదు గానీ.

పాలమూరు_నైట్రో
ఏపీ 24 ఎందుకన్నా, మా 22 వేసుకుంటే రేజర్ ఎప్పుడో ఓడిపోయేవాడు.

పానగల్లు_రేసర్ (నల్లగొండ)
మా వాడు పది నిమిషాలు చూసి, ఇందులో కారు దిగి నడవడం కుదరదా అని అడిగి వెళ్లిపోయాడు. నేను మూడింటి దాకా ఆడా. 4వ నంబర్ అయిపోయాడు.
జాయ్‌స్టిక్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గద్వాల_గేర్
గుర్తొచ్చింది. మోటో రేసర్. అదీ విండోస్‌దేనట, డాస్‌బాక్స్‌లో కాదు నేను ఆడింది.