సాయం చేసిన పిల్లలకి స్టార్లు ఇవ్వడం మంచిదేనా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా పాప క్లాసులో గోడకి చార్టు పెట్టారు. తోటివాళ్లకి సాయం చేస్తే పేరు పక్కన స్టార్ అంటిస్తారు, పది స్టార్లకి ఒక బహుమతి. ఇప్పుడు ఇంట్లో తమ్ముడికి బొమ్మ అందించినా "నా స్టార్ ఏది?" అంటోంది. నాకిది బాధగా ఉంది. మీరేమంటారు?

నర్సరీ టీచర్:
నేను కూడా స్టార్లు ఇస్తానండీ, తప్పనుకోను. ఒకరి చేతిలోది ఇంకొకరు లాక్కునే వయసు అది. ఏదో ఒక ఆశ చూపించి మొదలుపెట్టిస్తే, అలవాటయ్యాక చార్టు తీసేయొచ్చు. ఇంట్లో ఇద్దరితో కుదిరినట్టు క్లాసు మొత్తంతో కుదరదు.

బాలల పుస్తకాల అభిమాని:
టీచర్ గారూ, "అలవాటయ్యాక తీసేయొచ్చు" అన్న దగ్గరే నాకు పేచీ. 2006లో ఫెలిక్స్ వార్నెకన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 18 నెలల పిల్లల ముందు వస్తువులు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపారు. ఇలాంటి రకరకాల సందర్భాల్లో 24 మందిలో 22 మంది ఒక్కసారైనా సాయానికి వచ్చారు. ఎవరూ అడగలేదు, ఏమీ ఇస్తామనలేదు. అంటే ఆశ చూపించి మొదలుపెట్టించాల్సిన అవసరమే లేదు, అది పిల్లల్లో ముందే ఉంది.

2008లో వాళ్లే 20 నెలల పిల్లల్ని చూశారు. సాయం చేసినప్పుడు కొందరికి ఆడుకునే వస్తువు ఇచ్చారు, కొందరిని మెచ్చుకున్నారు, కొందరికి ఏదీ లేదు. తర్వాత అన్నీ ఆపేస్తే, వస్తువులు అందుకున్నవాళ్లే మిగతావాళ్లకన్నా తక్కువ సాయం చేశారు. చార్టు తీసేసిన రోజున జరిగేది ఇదేనని నా భయం.

నర్సరీ టీచర్:
పడిపోయింది తీసివ్వడం సులువు. తనకిష్టమైన బొమ్మ వదులుకోవడం వేరు. నాకు రోజూ ఎదురయ్యేది రెండోది.

బాలల పుస్తకాల అభిమాని:
ఆ తేడా నిజమే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా బహుమతి కన్నా ఎంచుకునే అవకాశం మేలు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, "ఈ స్టికర్ నువ్వు ఉంచుకుంటావా, దిగులుగా ఉన్న ఈ కుక్కబొమ్మకి ఇస్తావా?" అని పిల్లల్ని అడిగారు. అలా తామే తేల్చుకుని ఇచ్చినవాళ్లు తర్వాత ఇంకో బొమ్మకి కూడా ఎక్కువ స్టికర్లు పంచారు. ఇవ్వాలని చెప్తే ఇచ్చినవాళ్లు అంతగా పంచలేదు.

ఒక తాతయ్య:
అయితే "శభాష్" అనడం కూడా మానేయాలా అమ్మా?

బాలల పుస్తకాల అభిమాని:
అక్కర్లేదండీ. పైన చెప్పిన దాంట్లో మెచ్చుకోలు వల్ల నష్టమేమీ కనిపించలేదు. నేనైతే "నువ్వు బొమ్మ ఇవ్వగానే తమ్ముడు ఏడుపు ఆపేశాడు, చూశావా?" అంటాను. పాప చూపు తమ్ముడి మొహం మీదకి వెళ్తుంది. "నా స్టార్ ఏది?" అన్నప్పుడు కూడా కసురుకోకుండా ఇదే మాట చెప్పి చూడండి.

నర్సరీ టీచర్:
బొమ్మలు సర్దడం, చేతులు కడుక్కోవడం లాంటి వాటికి స్టార్లు ఉంచుతాను, అవి లేకపోతే క్లాసు నడవదు. ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి వెళ్లినందుకు మాత్రం ఇక ఇవ్వను. తేడా కనిపిస్తే ఇక్కడే రాస్తాను, కనిపించకపోయినా రాస్తాను.