ఫ్లాట్‌లో వండి అమ్ముకుంటే అసోసియేషన్ ఆపొచ్చా? (బాచుపల్లి, హైదరాబాద్)

బి-బ్లాక్ వాసి:
మా 4వ అంతస్తులో ఒకావిడ ఇంట్లోనే వండి మధ్యాహ్నం క్యారియర్లు పంపుతారు. మొదట్లో మా వాట్సాప్ గ్రూపులో పదిళ్లకి, ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్లకి కూడా. నెలాఖరుకి ఆపేయమని నోటీసు ఇవ్వాలని ఆదివారం మీటింగులో అన్నారు. నేను చెయ్యెత్తలేదు. మీరేమంటారు?

షట్టర్ నంబర్ 3:
ఆపాల్సిందే. నాది మెయిన్ రోడ్డు మీద కర్రీ పాయింట్. ఆరు నెలల అద్దె అడ్వాన్సు కట్టి షట్టర్ తీసుకున్నా. కరెంటు మీటరు ఎల్‌టీ-2, అంటే కమర్షియల్. సిలిండర్ నీలంది, 19 కిలోలు. ఆవిడ పొయ్యికింద ఇంటి ఎర్ర సిలిండర్, 14.2 కిలోలు. దాంతో వ్యాపారం చెయ్యకూడదని అందరికీ తెలుసు. నేను 60కి అమ్మే పప్పు ఆవిడ 40కి ఇస్తోందంటే చేతిరుచి గొప్పదని కాదండీ, ఖర్చు లేదు. పోటీకి నేను భయపడను, రూలు ఇద్దరికీ ఒకటే ఉండాలి.

పాతకాపు:
షట్టర్ తమ్ముడూ, నీ లెక్క కాదనను. కానీ మేమొచ్చినప్పుడు ఇది పంచాయతీ. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిపి 2019లో కదా కార్పొరేషన్ చేశారు! అంతకుముందు సాయంత్రం ఏడు దాటితే పాల ప్యాకెట్ కూడా దొరికేది కాదు. ఇడ్లీ పిండి, జాకెట్లు కుట్టడం, పిల్లల ట్యూషన్లు, అన్నీ ఫ్లాట్లలో ఆడవాళ్లే చేసిపెట్టారు. గిన్నె పట్టుకెళ్లి ఆ పిండి తెచ్చుకున్నవాళ్లే ఇవాళ కమిటీలో కూర్చుని నోటీసులు రాస్తున్నారు. షట్టర్లు వచ్చాయి కాబట్టి వీళ్లు అడ్డమయ్యారు, అంతే.

5వ అంతస్తు:
పాతకాపు గారూ, మీరు ఆవిడ పైన ఉండరు, నేనుంటా. వంటగది ఎగ్జాస్ట్ సరిగ్గా మా బాల్కనీ కిందకి ఊదుతుంది. బుధవారం చేపల వేపుడు. ఆరేసిన స్కూలు యూనిఫాం మళ్లీ ఉతుక్కోవాలి. పోయిన నెల కింద డ్రైనేజీ నిండితే మూత తీశారు, నూనె జిడ్డు తెల్లగా గడ్డకట్టి ఉంది. పన్నెండింటికి లిఫ్టు నిండా డెలివరీ బ్యాగులే. ఎండాకాలం ట్యాంకర్ల బిల్లు మాత్రం అందరం సమానంగా పంచుకుంటున్నాం. పదిళ్లకి వండినప్పుడు నేనూ తెప్పించుకున్నానండీ. ఇప్పుడు వండేది పదిళ్లకి కాదు.

బి-బ్లాక్ వాసి:
నిన్న వెళ్లి అడిగాను. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయిస్తారట, ఏడాదికి ఫీజు 100 రూపాయలే కదా. నీళ్లకి వేరే డబ్బు కడతారట. నీలం సిలిండర్ కూడా తెప్పిస్తానన్నారు.

షట్టర్ నంబర్ 3:
నీలం సిలిండర్లు నాలుగో అంతస్తులోకా! పొరపాటున కూడా వద్దండీ. నేనడిగింది రూలు, ప్రమాదం కాదు. కావాలంటే మా వరసలో వెనకవైపు చిన్న షట్టర్ ఖాళీగా ఉంది, అద్దె తక్కువే. నా పక్కకే వచ్చి 40కి అమ్మి చూపించమనండి.

5వ అంతస్తు:
దానికైతే నేనే సామాన్లు మోస్తా.

పాతకాపు:
తక్కువంటే ఎంత తమ్ముడూ? పొద్దున వండి, మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలని కదా ఆవిడ ఇంట్లో మొదలుపెట్టింది. షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిది దాకా కూర్చోవాలి, లేకపోతే అద్దె రాదు. నీకు తెలీందా?

బి-బ్లాక్ వాసి:
అదే ఆవిడా అన్నారు. నోటీసు ఇంకా బోర్డుకి ఎక్కలేదు. ఇవాళ దోసకాయ పప్పు. లిఫ్టులో క్యారియర్ మీద ఫ్లాట్ నంబరు చూశా, సెక్రటరీ గారిది.