అప్‌డేట్: డీజే బాక్సుల మీద బేస్ మాయమవడం

నల్గొండలో ఇంట్లోనే బీట్లు చేస్తుంటానని, హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా వినిపించే సింథ్ బేస్ బరాత్ డీజే బాక్సుల మీద మాయమవుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు మాస్టర్‌ని (మొత్తం మిక్స్‌ని) మోనోలో పెట్టి, అంటే లెఫ్ట్, రైట్ రెండూ ఒకటిగా కలిపి విన్నాను. బేస్ సగం పోయింది! కారణం: సింథ్‌లో యూనిసన్ (ఒకే స్వరాన్ని కొద్ది శ్రుతి తేడాతో పొరలుగా మోగించడం), దాని మీద స్టీరియో వైడ్‌నర్ (సౌండ్‌ని రెండు పక్కలకీ పరిచే ఎఫెక్ట్). రెండూ కలిసి లెఫ్ట్, రైట్ ఫేజ్‌లను (అలల ఎత్తుపల్లాలను) ఎదురెదురుగా నిలబెడుతున్నాయి. ఆ డీజే సెటప్ నడిచేది మోనోలో, అందుకే అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఇప్పుడు 120 హెర్ట్జ్ కింద అంతా మోనో, వెడల్పు ఆ పైనే.

సైడ్‌చెయిన్ (వేరే దెబ్బ పడినప్పుడల్లా బేస్‌ని తగ్గించడం) మాత్రం నాకు సగమే నచ్చింది. కిక్‌కి (బేస్ డ్రమ్ దెబ్బకి) బాగుంది కానీ, డప్పు శాంపిల్‌కి కూడా పెడితే ప్రతి దెబ్బకీ బేస్ ఊగి తీన్మార్ నడకే చెడిపోయింది. డప్పుకి హైపాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను కోసేది) వేసి వదిలేశాను, అది చాలు.

ఇక గది. గోడల మధ్య 10 అడుగులుంటే దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుందట. నా కిక్ సరిగ్గా 55. గది నడిమధ్య సన్నగా, గోడ దగ్గర గుభేల్‌మని వినిపించేది అందుకే. కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను. గోడకి బొంతలు కట్టమన్నారు, చప్పట్ల మోత తగ్గింది గానీ బేస్‌కి ఏ తేడా లేదు.

ఫోన్ స్పీకర్ల కోసం బేస్‌కి కాస్త శాచురేషన్ (తేలికపాటి డిస్టార్షన్) ఇచ్చాను. 55 వినపడకపోయినా దానికి రెండింతలు, మూడింతలైన 110, 165 దగ్గర పుట్టే హార్మోనిక్స్‌తో ట్యూన్ తెలుస్తోంది. మా తమ్ముడికైతే పాత మిక్సే నచ్చిందట!